ఉత్తరాన ఖాళీ జాగా

నేను డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ మాట చెబితే ఇప్పటి కుర్ర టీచర్లు "దానికి కూడా ఒక పోస్టు ఉండేదా సార్?" అని అడుగుతారు. ఉండేది నాయనా. కుప్పంలో చేరాను, పుంగనూరు దగ్గర కొండకింద ఒక పల్లెలో నడివయసంతా గడిపాను, మదనపల్లెలో దండ వేయించుకుని ఇంటికొచ్చాను. పిల్లలకు బొమ్మలు నేర్పింది తక్కువ, గోడల మీద అక్షరాలు రాసింది ఎక్కువ. 'నిశ్శబ్దం పాటించండి' అనే మాటను నేను రాసినన్నిసార్లు మా జిల్లాలో ఇంకెవరూ రాసి ఉండరు. దాన్ని పాటించిన బడి మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు.

అంతకంటే ఎక్కువగా రాసింది దాతల పేర్లు. మా వైపు బడికి ఎవరైనా ఏదైనా ఇస్తే దాని మీద పేరు పడాల్సిందే. బెంచీకి, బీరువాకు, నీళ్ల తొట్టికి, ఆఖరికి బడిగంటకు కూడా. ఒక పెద్దమనిషి ట్యూబులైటు ఇచ్చి, దాని పొడవునా తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాయించాడు. ఆ తర్వాత అందులోంచి సగం వెలుగే వచ్చేది. మా స్టాఫ్ రూము ఫ్యానుకు మూడు రెక్కల మీదా ఒకే కుటుంబం వాళ్ల పేర్లు. తిరిగేటప్పుడు కనపడవు, కరెంటు పోతే కనపడతాయి. అప్పట్లో మా వైపు కరెంటు సంగతి మీకు తెలియదు గానీ, ఆ కుటుంబం మొత్తం మాకు కంఠతా వచ్చేసింది.

నేను చెప్పబోయేది అలాంటి ఒక పేరు గురించే. అయితే ఆ పేరు చెప్పను, ఇందులో వచ్చే మిగతావాళ్ల పేర్లూ చెప్పను. వాళ్లలో కొందరు ఇప్పటికీ పండగలకు ఫోన్ చేస్తారు. నా మర్యాద నాకు కావాలి.

పేర్ల మీద నాకు సరదా పుట్టింది కుప్పంలో. అక్కడ మూడు భాషలు ఒకే సంతలో బేరమాడుకుంటాయి. గుడుపల్లె వైపు పోయే బస్సులో ఒక కండక్టరు ఎక్కేవాళ్ల మొహం చూసి ఒకే ఊరిని మూడు రకాలుగా పిలిచేవాడు. తెలుగాయనకు పల్లె, కన్నడాయనకు హళ్లి, తమిళాయనకు పట్టి. దిగేది మాత్రం అందరూ ఒకే టీకొట్టు ముందు. ఇదంతా నాకు వినోదంగానే ఉండేది. ఊరి పేరు కోసం మనుషులు బాధపడతారని, పోట్లాడతారని నాకు తెలిసింది పుంగనూరు దగ్గరి పల్లెకు వచ్చాక, మా సోషల్ మేడమ్ వల్ల.

ఆవిడ రోజూ మదనపల్లె నుంచి బస్సులో వచ్చేవారు. చేతిలో టిఫిన్ క్యారియరు, చంకలో ఇంత లావు అట్లాసు. ఆ అట్లాసును బెంగుళూరులో ఫుట్‌పాత్ మీద కొన్నారట. మిగతా టీచర్లు బస్సులో కునికిపాట్లు పడుతుంటే ఆవిడ భూగోళం మీద ఎక్కడో ఒకచోట తిరుగుతూ ఉండేవారు. ఒక ఏడాది ఆ తిరగడం ఉత్తర ధ్రువం దగ్గర ఆగిపోయింది.

కారణం టండ్రా ప్రాంతం పాఠం. మా పుస్తకంలో ఆ పాఠం చాలా పొట్టిది. అక్కడ ఎస్కిమోలు ఉంటారు, మంచు ఇళ్లు కట్టుకుంటారు, పచ్చిమాంసం తింటారు. అంతే, పాఠం అయిపోయింది, కింద ప్రశ్నలు.

"చూడండి సార్, ఒక జాతిని మూడు ముక్కల్లో తేల్చేసినారు. మదనపల్లె ప్రజలు టమోటాలు తింటారు అని రాసి మనల్ని గూడా వదిలేస్తే ఎట్లుంటుంది?" అని ఆవిడ నా మీద కోపం చేశారు. ఆ పుస్తకం నేను రాయలేదని చెప్పుకున్నా లాభం లేకపోయింది.

ఆవిడ చెప్పగా నాకు తెలిసిందేమిటంటే, వాళ్లు తమను ఇన్యుయిట్లు అని చెప్పుకుంటారు. ఎస్కిమో అనేది బయటివాళ్లు పెట్టిన పేరు. కెనడాకు ఉత్తరాన వాళ్లుండే మంచు సీమను అప్పటికి కొద్దికాలం కిందటే వేరే భూభాగంగా చేసి, వాళ్ల మాటలోనే నునావుట్ అని పేరు పెట్టారు. మా నేల అని అర్థం. దాని ముఖ్యపట్టణానికి మునుపు ఒక ఇంగ్లీషు నావికుడి పేరు ఉండేది. తూర్పు దేశాలకు అడ్డదారి వెతుక్కుంటూ పోయి ఆ మంచులో ఇరుక్కున్న మనిషి ఆయన. ఆ పేరు తీసేసి, అక్కడివాళ్లు ఎప్పటినుంచో పిలుచుకుంటున్న పేరే మళ్లీ పెట్టుకున్నారు. ఇకాలుయిట్. చేపలు ఎక్కువగా ఉండే చోటు.

మేడమ్ ఆ పేరు బోర్డు మీద రాసిన రోజు నేను పక్క గదిలో ఉన్నాను. వెనక బెంచీ పిల్లవాడొకడు దాన్ని కూడబలుక్కుని "ఇక... ఆలు... ఇటు" అని చదివాడు. ఇంకొకడు లేచి "మరి మొగుడు ఎటు మేడమ్?" అన్నాడు. ఆ నవ్వులకు మా గది పిల్లలు కూడా పెన్సిళ్లు పడేసి కిటికీలకు ఎగబడ్డారు. మేడమ్ కోప్పడలేదు. ఆ 'క' మామూలు క కాదని, గొంతు లోపల్నుంచి రావాలని చెప్పి, ఉప్పునీళ్లు పుక్కిలించినట్టు అందరిచేతా అనిపించారు. తరగతి మొత్తం గొంతునొప్పి వచ్చినట్టు పుక్కిలించింది.

ఇంకొక ఊరు కౌసుయిట్టుక్. మా వైపు కౌసు అంటే మాంసం. పిల్లలు ఆ పేరు గట్టిగా వల్లిస్తుంటే మా హెడ్మాస్టారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. "ఏంది మేడమ్, ఈ గదిలో కౌసు పంచుతాండారా?" అని అడిగారు. ఆ మాటకు తెల్లవారని చోటు అని అర్థం సార్, అక్కడ శీతకాలంలో నెలల తరబడి పొద్దు పొడవదు అని మేడమ్ చెబితే, ఆయన ముక్కు మీది చెయ్యి నెమ్మదిగా తీశారు. దాని పక్కన ఇంకొక ఊరు, ఎప్పటికీ కరగని చోటు. దక్షిణాన ఉండే కొన్ని ఇన్యుయిట్ కుటుంబాలను సర్కారు వాళ్లు ఓడలో తీసుకుపోయి ఆ కొసన దించి వచ్చారట. దిగినవాళ్లు చుట్టూ చూసి ఆ పేర్లు పెట్టుకున్నారు.

"అది ఊరి పేరు మాదిరి లేదు మేడమ్, అర్జీ మాదిరి ఉంది" అన్నాను.

"అవును సార్. పటం మీద రాసిపెట్టిన అర్జీ" అన్నారు ఆవిడ. ఆ రోజు నుంచి నేను ఆవిడ పక్షం.

ఇక మండీ ఆయన సంగతి. మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా మండీ నడిపే ఆసామి, పుట్టింది మా పల్లెలోనే. తల్లి పోయాక చిన్నప్పుడే మేనమామ వెంట మదనపల్లె వెళ్లి, గంపలు మోసి, పెద్దయ్యాక తనే మండీ పెట్టుకున్నాడు. మా బడి ముందుగోడ మీద పెద్ద ప్రపంచపటం వేయించాలని మేడమ్ పట్టుబడితే, హెడ్మాస్టారు వెళ్లి ఆయన్ను అడిగారు. రంగులన్నీ తను ఇప్పిస్తానని ఆయన వెంటనే ఒప్పుకుని, మాట్లాడడానికి బడికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా బెంచీ కొసన కూర్చున్నాడు.

"నా పేరు వొద్దు సార్. మా యమ్మ పేరు రాయండి" అన్నాడు.

హెడ్మాస్టారు సరేనంటే సరేనన్నారు. ఆయన ఇంకా లేవలేదు. కండువా ఒడిలో పెట్టుకుని చెప్పుకుంటూ పోయాడు.

"మా యమ్మకు ఫోటో లేదు. సమాధి ఉండె, రోడ్డు ఎడల్పు చేసేటప్పుడు అదీ పోయింది. కూలికి పిలిచేవోళ్లు 'ఏమే' అని పిలిచినారు, ఇంట్లో మా నాయన గూడా 'ఏమే' అనే. పేరు పెట్టి పిలిచినోళ్లను నేను సూళ్లేదు. ఆ పేరు ఇప్పుడు నాకొక్కడికే తెలుసునేమో అనిపిస్తాది సార్. నేను పోతే అది గూడా పోతాది. పిలకాయలు దినామూ సూసే తావులో రాయండి. కాళ్ల కాడ మాత్రం వొద్దు."

నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. నేను రాసిన వందల దాతల పేర్లలో ఇలా అడిగినవాడు లేడు.

గోడ మీద గళ్లు గీసి, ఖండాలన్నీ అచ్చు దించాను. గుండ్రటి భూమిని పలకగా పరిస్తే పైభాగం సాగిపోతుంది. అందువల్ల ఉత్తరాన ఉన్న దీవులు మన దేశాన్ని మింగేసేటంత పెద్దవిగా వచ్చాయి. చూడ్డానికి వచ్చిన ఊరివాళ్లు "మన దేశం ఇంతేనా అయివారూ?" అని నా మీద నిష్ఠూరమాడారు. పేరు రాయడానికి జాగా ఎక్కడా అని హెడ్మాస్టారు, నేను గోడ ముందు నిలబడ్డాం. నడిమధ్య అంతా దేశాలు. కింద రాస్తే కాళ్ల దగ్గర అవుతుంది, పైన చూరు. సముద్రం మీద రాద్దామా అన్నాను.

"తల్లి పేరప్పా, నీళ్లలో వేస్తే ఏం బాగుంటుంది?" అన్నారు హెడ్మాస్టారు. తర్వాత ఆయన కళ్లు పైకి పోయాయి. కెనడాకు పైన తెల్లగా, విశాలంగా, ఒక్క అక్షరం లేని జాగా. "అదిగో, ఆడ రాయి. మంచు, ఎలుగుబంట్లు తప్ప ఎవరుండారు? తెల్లటి మీద ఎర్రటి అక్షరాలు దూరానికి గూడా కనపడతాయి."

మేడమ్‌కు ఆ సంగతి మధ్యాహ్నం అన్నాల దగ్గర తెలిసింది. ఆవిడ క్యారియరు మూత పెట్టేశారు.

"సార్, అక్కడ మనుషులుండారు. ఒక్కొక్క బండకు, మడుగుకు పేరుంది. ఆ తెల్లటి జాగా ఖాళీ అనుకునే కదా వచ్చిన ఓడవాళ్లంతా తమ రాజుల పేర్లు, డబ్బిచ్చినవాళ్ల పేర్లు రాసిపెట్టుకున్నది. మనం గూడా అదే పని చేస్తే ఆ పాఠం నేను ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

"వాళ్లు మన బడికి వచ్చి చూస్తారా మేడమ్?" అన్నారు హెడ్మాస్టారు.

"మన పిల్లలు చూస్తారు."

ఆయన మంచి మనిషి. గొడవ వస్తే సొరుగులోంచి వేరుశనగ ఉండలు తీసి అందరికీ ఒకటి పెట్టి సర్దుకుందాం అనేవారు. ఆ రోజు కూడా ఉండలు తీశారు. మేడమ్ తీసుకోలేదు. అలా జరగడం మా బడిలో అదే మొదలు.

ఇక నా పని చూడండి. హెడ్మాస్టారు ఒక చెవిలో, మేడమ్ ఇంకొక చెవిలో. మండీ ఆయన గొంతు కూడా చెవుల్లోనే ఉంది. నేను ఎవరి మాటా కాదనలేని మనిషిని కాబట్టి, ఆ తల్లి పేరును సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో రాసి, ఆ అక్షరాల సందుల్లో మేడమ్ చెప్పిన ఊళ్ల పేర్లు చిన్నవిగా రాశాను. ఇంగ్లీషులో కూడా ఉండాలని హెడ్మాస్టారు అన్నారు. ఆయన ఇంగ్లీషు ఎమ్మే. ఇకాలుయిట్ ఇంగ్లీషు స్పెల్లింగు చూసి, క్యూ తర్వాత యూ లేకుండా ఏ మాటా ఉండదయ్యా అని నన్ను మందలించి, తనే నిచ్చెన ఎక్కి ఒక యూ చేర్చారు. మేడమ్ చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. ఆ ఒక్క యూ చేరితే వాళ్ల భాషలో చేపల ఊరు కాస్తా పిర్రలు కడుక్కోనివాళ్ల ఊరైపోతుందట. ఆ అర్థం ఆవిడ హెడ్మాస్టారికి నోటితో చెప్పలేక నాకు చెప్పారు. నేను ఆయనకు చెప్పాను. ఆయన మళ్లీ నిచ్చెన ఎక్కి, ఆ అక్షరాన్ని సొంత చేతిరుమాలుతో తుడిచారు.

సుద్ద మీద రంగు వేయడం నేను ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తూ వచ్చాను. బ్రష్షు గట్టిపడిందన్నాను, వానలు అన్నాను. మా వైపు వాన సాకు ఎక్కువ కాలం పనికిరాదు. ఒక రోజు పొద్దున ప్రార్థన అయ్యేసరికి మండీ ఆయన గేటు దగ్గర ఉన్నాడు. తల్లి పేరు చూసుకోవడానికి తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు.

గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయనకు చదువు కూడబలుక్కునేంతవరకే వచ్చు. తల్లి పేరు చదివాడు, పెదవులు కదిలాయి. తర్వాత ఆ అక్షరాల సందుల్లో ఉన్న చిన్న అక్షరాలు చూశాడు.

"ఇవేంది అయివారూ, నడాన?"

నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ ముందుకొచ్చి, దాచకుండా మొత్తం చెప్పారు. అక్కడ మనుషులు ఉన్నారని, వాళ్ల ఊళ్లకు వాళ్ల పేర్లు ఉన్నాయని, అమ్మగారి పేరు అక్కడ రాయడం తనకు ఇష్టం లేదని. హెడ్మాస్టారు జేబులు తడుముకుంటున్నారు, ఉండల కోసమేనేమో.

ఆయన కోపగించుకోలేదు. పటంలో ఆ అక్షరాలకు పక్కనున్న ఒక దీవి చూపించాడు. దాని పేరు నేను మునుపే రంగుతో రాసేశాను.

"ఇది ఎవరి పేరమ్మా?"

"ఇంగ్లండు రాణి పేరు. పాత కాలం ఆవిడ."

"ఆయమ్మ ఆడికి పోయుండాదా?"

"లేదప్పా."

"ఆడ రాయి కొట్టిందా? నీళ్లు మోసిందా?"

"లేదు."

"మరి ఆయమ్మ పేరు ఉండొచ్చు, మా యమ్మ పేరు యాల ఉండకూడదు?"

ఇంత సర్వీసులో అంత సూటి ప్రశ్న నేను వినలేదు. నాకైతే ఆ క్షణంలో బ్రష్షు తీసుకుని ఎర్ర రంగు వేసేద్దామనే అనిపించింది.

"ఆవిడ పేరు ఉండడమే తప్పప్పా," అన్నారు మేడమ్ చివరకు. "అక్కడివాళ్లు మనుషుల గొప్ప కోసం తావులకు పేర్లు పెట్టరు. ఆ తావులో ఏముందో, ఏం జరిగిందో, అదే పేరు. ఇది చేపలుండే చోటు. ఇది ఇగ్లూలిక్, ఇండ్లు ఉండే చోటు. మంచులో దారి తప్పినోడికి ఆ పేరు చాలు, పానం నిలబడుతుంది. మన పిల్లలు గూడా అట్లే అంటారు. కావాలంటే వినండి." అని పిల్లల వైపు తిరిగారు. "ఒరేయ్, ఇంటి నుంచి బడికి వచ్చేటప్పుడు దోవలో ఏమేం తావులు వస్తాయో చెప్పండి!"

పిల్లలకు అంతకంటే కావలసిందేముంది. నక్కల మిట్ట అన్నాడొకడు. జారుడు బండ, తేనెగుండు, గాలి కనుమ, గాడిద పడిన వంక. గాడిద ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు, వంక మాత్రం ఇప్పటికీ దాని పేరు మోస్తోంది. మండీ ఆయన మొహంలో బిగువు సడలింది. "జారుడు బండ మీద నేను గూడా జారినాను, నిక్కరు చినిగి మా యమ్మ చేత దెబ్బలు తినుండాను" అన్నాడు.

కొండకు అవతలి వైపు చిన్న పల్లె నుంచి నడిచి వచ్చే ఒక పాప ఉండేది. మాట తక్కువ. తన వంతు వచ్చేసరికి కొండ ఎక్కి దిగే దారంతా వరసగా చెప్పుకుంటూ వచ్చింది. మధ్యలో ఒక దొన పేరు చెప్పింది. దొన అంటే బండల మధ్య తనంతట ఏర్పడిన నీటి గుంట. ఆ దొన పేరులో ఒక మనిషి పేరు ఉంది. గోడ మీద నేను పెద్ద అక్షరాలతో రాసిన పేరే అది.

పిల్లలు గోడ వైపు చూశారు. నేను చూశాను. మండీ ఆయన చూడలేదు.

"ఇంగోతూరి సెప్పు పాపా" అన్నాడు.

పాప బెదిరి మేడమ్ వెనక్కు పోయి, అక్కడి నుంచే మళ్లీ చెప్పింది. ఫలానమ్మ దొన.

"యాడుండాది?"

"కొండమీద సార్. మేకలు తాగేది ఆడనే. మేము గూడా."

అలాంటి పేరు ఊరికొక పదిమందికి ఉంటుందని, ఆశ పెట్టుకోవద్దని హెడ్మాస్టారు ఆయన చెవిలో చెప్పబోయారు. ఆయన అప్పటికే చెప్పులు విడిచి పంచె ఎగ్గట్టాడు. పాప ముందు, ఆయన వెనక, తర్వాత మేడమ్, నేను. హెడ్మాస్టారు సగం కొండ వరకు వచ్చి, ఒక పెద్ద రాతిగుండు నీడన కూర్చుని, మీరు పోయి రండి, నేను ఈడ దోవ కాపలా ఉంటాను అన్నారు.

దొన పెద్దదేం కాదు. రెండు బండల సందున, మూడు నాలుగు మంచాలు పట్టేంత జాగాలో నల్లటి నీళ్లు. ఎండాకాలం మొదలైనా నిండుగా ఉన్నాయి. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు మేకలకు నీళ్లు పెడుతున్నారు, ఒకామె పడుచు, ఇంకొకామె బాగా ముసలిది. మమ్మల్ని చూసి పడుచామె కొంగు సర్దుకుంది.

"ఈ దొనకు ఆ పేరు యాల వచ్చిందమ్మా?" అని అడిగాడు మండీ ఆయన.

"ఏమో అప్పా. పుట్టినప్పట్నుంచీ అట్లే అంటాండాము" అంది ఆమె.

"ఎవరామె?"

"ఎవరో! దొన పేరే అది."

ఆయన మొహం చూడలేకపోయాను. అంత దూరం ఎక్కి వచ్చింది ఇది వినడానికా అనిపించింది. అప్పుడు ముసలామె మేకను పక్కకు నెట్టి మా దగ్గరికొచ్చింది.

"దీనికి తెలీదులే. కరువు పనులప్పుడు అప్పా. ఈ దోవకు రాయి కొట్టేదానికి రెండు పల్లెలోళ్లమూ వచ్చేటోళ్లము. నేను అప్పుడు కొత్త కోడల్ని. తాగేదానికి నీళ్లుండేవి కావు, పిలకాయలు ఏడుస్తాంటే సూడలేము. ఆయమ్మ అవతలి పల్లె ఆమె. బండసందున తేమ సూసి, పొద్దున గడ్డపార పట్టిన చేతుల్తోనే అందురూ గంజి తాగి నడుం వాల్చేటప్పుడు ఈడ కూర్చోని మన్ను తోడేది. మేము నవ్వేవాళ్లము. ఏంది, సర్కారోళ్లు దీనికి గూడా కూలి ఇస్తారా అని. తోడతా తోడతా ఉంటే ఒక దినం నీళ్లు పడినాయి. అప్పట్నుంచీ యాడికి పోతాండావంటే, ఆయమ్మ పేరు పెట్టి ఆయమ్మ దొనకు అనేటోళ్లము."

మండీ ఆయన దొన అంచున కూర్చున్నాడు.

"మా యమ్మకు గోళ్లు ఉండేవి కావు మేడమ్," అన్నాడు మెల్లగా. "సంగటి కలిపి పెట్టేటప్పుడు సూసేవాణ్ణి. రాయి కొట్టి పోయినాయి అనుకుంటి."

మేడమ్ ఏడ్చేశారు. ముసలామె ఆయన్ను తేరిపార చూసి, నువ్వు ఆయమ్మ కొడుకువా అని అడగలేదు. అడగాల్సిన అవసరం ఆమెకు కనపడలేదు. దోసిట్లో నీళ్లు పట్టి తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు. మేమూ తాగాం. బండ చలవకు చల్లగా ఉన్న నీళ్లు. ఒక మాట చెప్పాలి, నేను ఆ పల్లెలో అన్నేళ్లు ఉండి ఆ దొన పేరు వినలేదు, ఎందుకంటే నేనెప్పుడూ కొండ ఎక్కి దాహంతో అటు పోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన పాపను అడిగి దారి పొడవునా పేర్లు చెప్పించుకున్నాడు. హెడ్మాస్టారు గుండు నీడన నిద్రపోతున్నారు. లేపి సంగతి చెబితే, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు ఆ అద్దాల మీదే శ్రద్ధ పెట్టారు.

బడికి చేరాక నేను తడిగుడ్డ తెచ్చుకుని నిచ్చెన వేశాను. పెద్ద అక్షరాలు తుడవడానికి నాకు చెయ్యి రాలేదు. మండీ ఆయన కింద నుంచి "తుడిచెయ్ అయివారూ" అన్నాడు. "ఆడుండేవోళ్ల పేర్లు వాళ్లకు ఉండనీ. ఒక్క అచ్చరం తప్పు పోకుండా రాయి. రంగు సాలకుంటే సెప్పు, పంపిస్తా."

తుడిచాను. మేడమ్ కింద నిలబడి ఒక్కొక్క ఊరి పేరూ పలుకుతుంటే, పిల్లలు గొంతులు పుక్కిలిస్తుంటే, ఎర్ర రంగుతో రాసుకుంటూ పోయాను. చేపలుండే చోటు, ఇళ్లుండే చోటు, ఎప్పటికీ కరగని చోటు, తెల్లవారని చోటు. ఉత్తరం నిండిపోయింది. అంత తృప్తిగా నేను మరే గోడా రాయలేదు. రాణిగారి దీవి పక్కన కూడా అక్కడివాళ్ల పేరు వెతికి రాస్తానని మేడమ్ నా దగ్గర మాట తీసుకున్నారు, ఆ వేసవి సెలవుల తర్వాత రాశాను.

మండీ ఆయన బస్సు టైం దాకా అక్కడే చెట్టు కింద కూర్చుని చూశాడు. పని ముగించి దిగాక ఆయన దగ్గరికి వెళ్లాను. నాకు ఆయనకేదో బాకీ పడినట్టు అనిపించింది.

"ఈ పక్క గోడ ఖాళీగా ఉంది. మన కొండ బొమ్మ వేస్తాను. దొన ఉండే తావులో అమ్మ పేరు రాస్తాను. ఎంత పెద్ద అక్షరాలు కావాలంటే అంత పెద్దవి" అన్నాను.

ఆయన కొండ వైపు చూశాడు. ఎండ తిరిగింది, మేకలు దిగుతున్నాయి. పైన ఎవరో ఆడమనిషి ఇంకెవరినో కేకేసి, దొన దగ్గర ఉండమని చెబుతోంది. ఆ పేరు మాకు స్పష్టంగా వినిపించింది.

"వొద్దు అయివారూ," అన్నాడు. "రాస్తే సదివినోళ్లకే తెలుస్తాది. ఆడ దప్పికైనోళ్లంతా మా యమ్మను పేరు పెట్టి పిలుస్తాండారు."